ఉగ్గాణి పందెం

కర్నూలులో సైకిల్ తొక్కడానికి హాయిగా ఉండే నెలలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా నిండవు. మార్చి చివరికే రోడ్డు సెగలు కక్కుతుంది. ఏప్రిల్, మే సంగతి చెప్పక్కర్లేదు, 43 డిగ్రీలు మాకు వార్తే కాదు. జూన్, జూలైలో మబ్బు పడుతుంది, వాన పెద్దగా రాదు, గాలి మాత్రం వస్తుంది. ఆ పడమటి గాలికి ఎదురు తొక్కితే ముందుకు పోతున్నామో ఉన్నచోటే ఉన్నామో తెలియదు. ఇక అచ్చంగా హాయిగా ఉండేది నవంబరు, డిసెంబరు, జనవరి. విచిత్రం ఏమిటంటే, ఏటా సరిగ్గా ఆ మూడు నెలలే నా సైకిల్ వరండాలో దుమ్ము పట్టి పడి ఉండేది.

చలి అని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి మా ఊరి చలి ఎంత? డిసెంబరులో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగితే దాన్నే గొప్పగా చెప్పుకుంటాం. ఢిల్లీవాళ్ళు వింటే నవ్వుతారు. మే నెల ఎండకు అలవాటు పడ్డ ఒంటికి ఆ పదహారే ఎక్కువ, అది వేరే సంగతి. అంతకంటే పెద్ద అడ్డం చీకటి. జూన్ మొదట్లో ఐదుముప్పావుకే పొద్దు పొడుస్తుంది. జనవరిలో ఆరూ యాభై దాకా సూర్యుడు కనిపించడు. డిసెంబరు 21 దాటితే పగలు పెరుగుతుంది కదా, ఉదయం కూడా తొందరగా తెల్లారుతుందిలే అనుకుంటాం. తెల్లారదు. ఆ పెరిగే పగలంతా సాయంత్రం వైపే పెరుగుతుంది. ఉదయం మాత్రం సంక్రాంతి దాటి నాలుగైదు రోజులయ్యేదాకా ఇంకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది.

నేను గవర్నమెంటు స్కూలు టీచర్ని. ఎనిమిదింబావుకల్లా క్యారియర్ సర్దుకుని ఇంట్లోంచి బయటపడాలి. వేసవిలో గంటన్నర దొరికే వెలుతురు చలికాలంలో ముప్పావుగంటకు తగ్గిపోతుంది. మగవాళ్ళు ఐదున్నరకే చీకట్లో జామ్మని పోతారు. మనకట్లా కుదరదు. లారీలు, కుక్కలు, పనేమీ లేకపోయినా పక్కకొచ్చి బండి స్లో చేసే మహానుభావులు... వీళ్ళందరినీ తలుచుకుంటే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కోవాలనిపిస్తుంది.

ఫోన్‌లో యాప్ పెట్టుకుని, నెలకు ఇన్ని కిలోమీటర్లు అని టార్గెట్ పెట్టుకోవడం కూడా అయింది. పొద్దున్నే అలారం మోగినప్పుడు కిలోమీటర్లు మనిషిని లేపవు. డిసెంబరు వస్తే సైకిల్ తొక్కేవాళ్ళంతా ఒక పందెం గురించి మాట్లాడుకుంటుంటారు: సైకిల్ బట్టలమ్మే రాఫా అనే బ్రిటన్ కంపెనీ 2010లో మొదలుపెట్టింది, డిసెంబరు 24 నుంచి 31 లోపల 500 కిలోమీటర్లు తొక్కాలి. క్రిస్మస్ సెలవులుండే దేశాల వాళ్ళకు బాగానే ఉంటుంది. పిల్లల సమ్మేటివ్ పేపర్లు దిద్దుకునే నాకు ఆ ఐదొందలు వింటేనే టెన్షన్.

మా స్కూల్లో సోషల్ మేడం కూతురు అమెరికాలో ఉంటుంది. ఆ అమ్మాయి చేసే పని ఒకటి విన్నాక నాకు ఆశ పుట్టింది. దాన్ని కాఫీనూరింగ్ అంటారట. 2011లో అక్కడ మొదలైంది. చలి మొదలయ్యే రోజుల్లో, ఏడు వారాల లోపల, ఏడు వేర్వేరు చోట్లకు సైకిల్ మీద పోయి కాఫీ తాగాలి. పోనూరానూ కలిపి రెండు మైళ్ళుంటే చాలు, అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. వారానికి రెండుకు మించి లెక్కలోకి రావు. ఎక్కడ తాగారు, ఏం తాగారు, ఎంత దూరం అని రాసిపెట్టుకోవాలి. అంతే. వేగం లేదు, పోటీ లేదు. ఇంత చిన్న దూరానికి ఇన్ని రూల్సా అని మొదట నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, నవ్వొచ్చే ఆ రూల్స్‌లోనే దాని బలమంతా ఉందని.

అయితే కర్నూలులో కాఫీ కోసం ఎవరు సైకిలెక్కుతారు? మా ఊళ్ళో పొద్దున్నే మనిషిని ఇంట్లోంచి లాగే శక్తి ఒక్క ఉగ్గాణికే ఉంది. ఉగ్గాణి అంటే తడిపి పిండిన బొరుగుల (మరమరాల) తాలింపు, పక్కన మిరపకాయ బజ్జి. ప్రతి సర్కిల్‌లో ఒక బండి, ప్రతి పేటలో ఒక హోటలు, ప్రతి బండికీ తన చెయ్యి, తన పొడి. నంద్యాలలో బ్యాంకులో పనిచేసే మా ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పాను. తనకు గేర్ల సైకిలుంది, నాకంటే పదేళ్ళు చిన్నది, పందెమంటే చెవి కోసుకుంటుంది.

"వదినా, నేను రెడీ. కానీ ఓడిపోయినాక ఏడవకూడదు" అంది.

దీపావళి మరునాడు మొదలు, కనుమ రోజుతో ఆఖరు అనుకున్నాం. అంటే కార్తీకం, మార్గశిరం, ధనుర్మాసం అన్నీ కలిసొస్తాయి. రూల్స్ రాసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఇంటి నుంచి కనీసం రెండు కిలోమీటర్ల అవతల ఉండాలి. ఒక బండి ఒక్కసారే లెక్క. వారానికి రెండే. బజ్జీ లేని ఉగ్గాణి చెల్లదు. పార్సిల్ కట్టించుకుని వస్తే చెల్లదు, అక్కడే నిలబడో కూర్చునో తినాలి. సైకిలూ, ప్లేటూ ఒకే ఫొటోలో పడాలి. దారిలో చూసిన ఒక కొత్త సంగతి నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయాలి. ఈ చివరి రూల్ నాది, టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

గొడవలొస్తే తీర్పు చెప్పేదెవరు అన్నప్పుడు ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. మా అత్తగారు. ఆమె జన్మలో సైకిలెక్కలేదు. కానీ ఉగ్గాణి విషయంలో ఆమెను మించిన జడ్జి మా రెండు జిల్లాల్లో లేదు. నంద్యాల వేరే జిల్లా అయింది 2022లో. అప్పటి నుంచి కూతురు "పరాయి జిల్లా" అని ఆమె వెక్కిరిస్తుంటుంది. కూతురి వైపు మొగ్గుతుందేమోనని నాకు లోపల చిన్న అనుమానముండేది. తప్పు. ఆమె ఇద్దరి మీదా సమానంగా కఠినంగా ఉంది.

మొదటి రెండు వారాలు నల్లేరు మీద బండి నడక. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల, రాజ్‌విహార్ వైపు, సి.క్యాంప్‌లో, ఎటు చూసినా బండ్లే. కష్టమనిపించింది ఒక్కటే, అక్కడే తినడం. మా ఊళ్ళో ఆడవాళ్ళు బండి దగ్గర తినరని కాదు, పొద్దున ఆరున్నరకు, ఒంటరిగా, సైకిల్ స్టాండ్ వేసి తినరు. మొదటిరోజు ప్లేటు పట్టుకుని గోడ వైపు తిరిగి తిన్నాను. ఆటోవాళ్ళు, పాలవాళ్ళు, వాకింగ్ నుంచి వచ్చే పెద్దమనుషులు, అందరూ చూస్తున్నట్టే అనిపించింది. మూడో బండి దగ్గరికి వచ్చేసరికి గోడ సంగతి మర్చిపోయాను, ఎందుకంటే అక్కడ చూడాల్సింది వేరే ఉంది.

పెద్ద బేసిన్ నిండా నీళ్ళు. దాంట్లో ఆయన బొరుగులు గుమ్మరించాడు. చేత్తో ఒకసారి కిందికి నొక్కాడు, అన్నీ తడిశాయో లేదో చూశాడు, వెంటనే దోసిళ్ళతో తీసి రెండు అరచేతుల మధ్య పిండటం మొదలుపెట్టాడు. అంతా ఆ పిండటంలోనే ఉంది. గట్టిగా పిండితే ముద్దయి పిండిపిండిగా తగులుతాయి, వదులుగా వదిలేస్తే బాణలిలో నీళ్ళు కారి చప్పబడతాయి. బాణలిలో అప్పటికే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకు, టమోటా మగ్గి పసుపు వేసి ఉంది. బొరుగులు వేసి, గరిటెతో కింది నుంచి పైకి రెండు తిప్పులు. ఆఖర్న పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన పొడి గుప్పెడు చల్లి మంట ఆపేశాడు. పొడి వేశాక మంట మీద ఉంచకూడదట. చలిలో ఆ బాణలి నుంచి లేచే ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారాయి. "మేడం, బజ్జీ నూనెలోంచి తీసిందే పెడతా, రెండు నిమిషాలు" అన్నాడు. ఆ రెండు నిమిషాలు పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నాను. నోటుబుక్కులో ఆ రోజు రాసిన వాక్యం ఆ పిండటం గురించే.

మూడో వారానికి అసలు కిటుకు బయటపడింది. ఒక బండి ఒక్కసారే లెక్క అన్నాం కదా. మనిషి సహజంగా ముందు దగ్గర ఉన్నవాటినే ఊడ్చేస్తాడు. అవి అయిపోయాక ఇక తప్పదు, దూరం పోవాలి. అంటే చలి ముదిరేకొద్దీ దూరం పెరుగుతుంది, మనం పెంచాలని అనుకోకుండానే. యాప్‌లో టార్గెట్ పెంచుకుంటే ఏడుపొచ్చే నేను, కొత్త బండి కోసం బళ్ళారి చౌరస్తా దాటి పోవడానికి ముందురోజు రాత్రే బట్టలు తీసి పెట్టుకునేదాన్ని. పొద్దున్నే అలారం మోగితే మునుపు వచ్చే ప్రశ్న "పోవాలా, వద్దా". ఇప్పుడు "ఎక్కడికి". మొదటి ప్రశ్నకు దుప్పటి దగ్గర జవాబుంది. రెండోదానికి లేదు.

ఈ మధ్యలో నవంబరు ముసురు. నెల్లూరు వైపో, చెన్నై వైపో తుఫాను పట్టిందంటే మాకు పెద్ద వాన రాకపోయినా, రోజంతా సన్నగా చినుకు, సూర్యుడు లేని ఆకాశం. చలి కంటే అది ఎక్కువ ఇబ్బంది. తడిస్తే కాటన్ కుర్తా ఒంటికి అతుక్కుని, గాలి తగిలితే వణుకు పుడుతుంది. అప్పటి నుంచి లోపల పాత పాలిస్టర్ టీషర్టు, పైన కుర్తా. ఆ టీషర్టు చెమట పీల్చుకోదు, తొందరగా ఆరుతుంది. స్వెట్టర్ వేసుకుని బయల్దేరితే రెండో కిలోమీటరుకే ఉడికిపోతాం. ఇంటి గేటు దగ్గర కొంచెం చలిగా ఉందనిపిస్తే సరిగ్గా వేసుకున్నట్టు. చెవులకు స్కార్ఫ్, చేతులకు నూలు గ్లోవ్స్. చున్నీ అసలు వద్దు. వేసుకోవాల్సి వస్తే క్రాస్‌గా కట్టి నడుము దగ్గర ముడి వేసుకోవాలి, అది చైన్లోనో చక్రంలోనో పడితే ఇక అంతే. దాహం వేయదు కదా అని నీళ్ళు తాగకుండా ఉంటే పది గంటలకు క్లాసులో తలనొప్పి పట్టుకుంటుంది.

ఆడవాళ్ళు సైకిల్ మీద దూరం పోవాలంటే చలి, గాలి కంటే ముందు చూసుకునేది ఇంకోటుంది, దాని గురించి ఎవరూ రాయరు. దారిలో పెట్రోల్ బంకు ఎక్కడుంది, దాంట్లో టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుందా లేదా. నా నోటుబుక్కు చివరి పేజీలో ఆ జాబితా వేరే ఉంది. మా ఆడపడుచు నంద్యాల నుంచి అడిగి మరీ దాని ఫొటో తెప్పించుకుంది.

కుక్కలు కూడా ఈ కాలంలోనే ఎక్కువ. వీధికుక్కలు చాలావరకు చలికాలంలోనే ఈనుతాయి, పిల్లతల్లికి పక్క నుంచి పోయే చక్రం అంటే పడదు. వేగం పెంచితే వెంటపడుతుంది. దిగి, సైకిల్‌ను దానికీ మనకూ మధ్య ఉంచుకుని, మెల్లగా నడిచిపోతే మొరిగి మొరిగి ఆగిపోతుంది. జోహరాపురం వైపు ఒక సందులో ఒక తల్లి కుక్క నాకు ఇలా బాగా నేర్పించింది.

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వచ్చాక మాత్రం తెల్లవారుజాము రూపే మారిపోయింది. గుళ్ళలో మైకులు, పొంగలి వాసన, వీధుల్లో నీళ్ళు చల్లిన చప్పుడు. కొత్త తలనొప్పి: ముగ్గులు. పాతబస్తీ సందుల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేస్తారు. తొక్కితే పాపం, ఆగితే ఆలస్యం. ఒకామె ముగ్గుపిండి గిన్నె చేతిలో పట్టుకుని, "యాడికి పోతావక్కా, చుక్కలు పెడ్తాండా, కనపడలేదా?" అని గట్టిగానే అడిగింది. దిగి, సైకిల్ భుజం మీదికి ఎత్తుకుని అంచు వెంబడి దాటాను. ఆమెకే నవ్వొచ్చి, ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగింది. ఉగ్గాణి కోసమని చెప్తే, మా మరిది బండి ఉంది పోండి అని దారి చెప్పింది. ఆ బండి నా జాబితాలో లేనేలేదు! అలా దొరికినవాటికి ఒక మార్కు బోనస్ ఇవ్వాలని నేను వాదించాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "ముగ్గు తొక్కకుండా పోవడానికి మార్కులేంది, అది పద్ధతి" అంది.

ఊరి లోపల అయిపోయాక ఊరి బయట మొదలైంది. నాకు అన్నిటికంటే నచ్చింది కేసీ కెనాల్ గట్టు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా పోయే ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. నీళ్ళు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. కంపెనీకి గిట్టుబాటు కాక చివరికి 1882లో సర్కారు కొనేసింది. పడవల మాట అటుంచితే, కాలువ వాలు చాలా తక్కువ కాబట్టి దాని గట్టు కూడా ఎక్కుడు దిగుడు లేకుండా చదునుగా సాగుతుంది. గేర్లు లేని నా లేడీస్ సైకిల్‌కు అదొక వరం. ఊళ్ళో ఉన్నంత మేర చెత్త, కంపు, అది దాచి లాభం లేదు. ఊరు దాటితే మాత్రం ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు కోసిన వరిమళ్ళు, మళ్ళలో కొంగలు.

గట్టు మీద ఇబ్బంది కంప చెట్లు. కొట్టిన కంప లాక్కుపోయేటప్పుడు ముళ్ళు రాలతాయి, దుమ్ములో కనపడవు. ఒక ఆదివారం ముందు చక్రం మెల్లగా మెత్తబడింది. నెట్టుకుంటూ రోడ్డెక్కితే ఒక చిన్న పంక్చర్ షాపు. ఆ తాత ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతుంటే ఒక చోట కాదు, రెండు చోట్ల బుడగలు. ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ పూసి ఆరనిస్తూ, "టైరు లోపల చెయ్యి పెట్టి చూడకుండా ట్యూబు ఎక్కిస్తే మళ్ళా వస్తావు నా దగ్గరికే" అన్నాడు. టైరు లోపల తడిమితే విరిగిన ముల్లు మొన అక్కడే ఉంది. గోటికి తగిలేంత. దాన్ని పట్టకారుతో లాగి నా చేతిలో పెట్టాడు. ఈ సంగతే ఆ రోజు నోటుబుక్కు వాక్యం. నిజానికి పేజీ నిండింది.

గార్గేయపురం చెరువుకు పోయింది సంక్రాంతి ముందు వారంలో. నందికొట్కూరు రోడ్డు, పొద్దున్నే ఎదురుగా తూర్పు. ఈ కాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం వైపు నుంచే వస్తుంది కాబట్టి పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. దూరం పోవాలనుకుంటే చలికాలంలో తూర్పు వైపు పోవాలని అప్పుడు పట్టుబడింది. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున తోస్తుంది. ఆ రోడ్డు మీద ఇంకో ముచ్చట, కంది. రైతులు కోసిన కందికట్టె రోడ్డు మీద పరిచేస్తారు, పైనుంచి పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. లారీకి పర్వాలేదు, సైకిల్ చక్రం దాంట్లో చిక్కుకుంటే పక్కకు లాగేస్తుంది. దిగి నడవాల్సిందే. ఒక పెద్దాయన కందికట్టె తిరగేస్తూ, "తొక్కు తల్లీ, నీ చక్రానికి నాలుగు గింజలు రాలినా రాల్తాయి" అన్నాడు.

చెరువు గట్టు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియనంత తెల్లగా ఉంది. ఉగ్గాణి దొరికింది, బజ్జీ మాత్రం అయిపోయింది, బోండాలున్నాయన్నారు. ఫొటో పంపాను. పది నిమిషాల్లో నంద్యాల నుంచి వాయిస్ మెసేజ్: "వదినా, బోండా బజ్జీ కాదు. చెల్లదు." మిరపకాయ శనగపిండిలో ముంచితే బజ్జీ, ఉర్లగడ్డ ముంచితే బోండా, పిండి ఒకటే కదా అని నేను. అత్తమ్మ ఆ రోజంతా తీర్పు వాయిదా వేసింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది: "కారం లేనిది లెక్కలేదు." అంత దూరం పోయొస్తే సున్నా.

అయితే అదే అత్తమ్మ ఆలంపూర్ విషయంలో నా పక్షాన నిలబడింది. ఆడపడుచు క్రిస్మస్ సెలవుకు సైకిల్‌ను కారు వెనక కట్టుకుని కర్నూలు వచ్చింది. ఇద్దరం కలిసి హైవే మీద తుంగభద్ర బ్రిడ్జి దాటి, ఆలంపూర్ చౌరస్తాలో ఎడమకో కుడికో అని అడుగుకుంటూ లోపలికి తిరిగాం. బ్రిడ్జి మీద మంచులో లారీల హెడ్‌లైట్లు పసుపు మరకల్లా వస్తుంటే, ఆ కాసేపు మాత్రం గుండె గట్టిగానే కొట్టుకుంది. వెనక మిణుకు మిణుకుమనే ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, పైన మెరిసే పట్టీల జాకెట్టు లేకుండా ఆ రోడ్డెక్కవద్దు, నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. నవబ్రహ్మ గుళ్ళు చూశాం, జోగులాంబ దర్శనం చేసుకున్నాం. చౌరస్తాలో తిన్న ఉగ్గాణి లెక్కకొస్తుందా? అది తెలంగాణ. రూల్స్‌లో రాష్ట్రం మాటే లేదు. నేను నా మార్కుల కార్డులో వేసుకుంటే, తన కార్డులో ఆ వారానికి రెండూ నిండిపోయాయని ఆడపడుచు అడ్డుపడింది, నన్నూ వేసుకోవద్దంది. అత్తమ్మ, "అమ్మవారి దగ్గరికి పోయొచ్చి తిన్నది లెక్కలేదంటే కళ్ళు పోతాయి" అని కొట్టిపారేసింది.

జగన్నాథగట్టు ఒక్కటే నన్ను ఓడించింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోకుండా తెచ్చి కట్టిన రూపాల సంగమేశ్వరాలయం ఆ గుట్ట మీదుంది. గేర్లు లేని సైకిల్‌తో సగం దూరం నెట్టుకుంటూనే ఎక్కాను. పైన చెమట, దిగేటప్పుడు ఎదురుగాలి, ఆ రెండూ కలిస్తే ఛాతీ మీద మంచుగడ్డ పెట్టినట్టుంటుంది. టూర్ డి ఫ్రాన్స్ పోటీల్లో పాతకాలం సైక్లిస్టులు కొండ దిగేముందు చొక్కాలో న్యూస్‌పేపర్ దోపుకునేవాళ్ళని ఎక్కడో చదివాను. బుట్టలో ఉన్న పేపర్ మడిచి కుర్తా లోపల పెట్టుకుని దిగాను. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంటికొచ్చాక మామగారు పేపర్ అడిగితే ఇచ్చాను. అలా చెమటకు తడిసిందెందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బరువు తగ్గానా అని స్కూల్లో అందరూ అడిగారు. ఏమీ తగ్గలేదు. తొక్కినదంతా బజ్జీల దగ్గరే జమయిపోయింది. దానికోసమైతే వేరే పందెం కట్టుకోవాలి. జనవరిలో ఎప్పుడూ పట్టుకునే దగ్గూ జలుబూ ఈసారి కూడా వచ్చాయి కాబట్టి, ఆరోగ్యం గురించి గొప్పలు చెప్పే ఉద్దేశం కూడా నాకు లేదు. చేసింది ఒకటే: నా సైకిల్ ఈ చలికాలం వరండాలో లేదు. చైన్‌కు నూనె వేయడం, గాలి చూసుకోవడం పళ్ళు తోముకున్నంత మామూలైంది.

పందెం ఎవరు గెలిచారంటే, కార్డుల ప్రకారం ఆడపడుచే. మహానంది రోడ్డు మీద ఆమెకు ఎన్ని బండ్లు దొరికాయో చూస్తే, నంద్యాలవాళ్ళు నిద్రపోతారా అని అనుమానమొచ్చింది. ఓడినవాళ్ళు కనుమ రోజు ఇంటిల్లిపాదికీ ఉగ్గాణి చెయ్యాలని ముందే అనుకున్నాం. చేశాను. బొరుగులు పిండటం కొంచెం గట్టిగా అయిందని అత్తమ్మ, పొడి వేశాక కూడా మంట మీదే ఉంచావని ఆడపడుచు. రెండూ నిజమే, కానీ గిన్నె ఖాళీ అయింది.

ఇప్పుడు ఆడపడుచు వేసవికి నన్నారి షర్బత్ పందెం అంటోంది. షర్బత్ బండ్లు తెరిచేదే పది గంటలకు, ఏప్రిల్‌లో పది గంటలకు కర్నూలు రోడ్డు మీదికి సైకిలేసుకుని ఎవరొస్తారమ్మా అని నేను. సాయంత్రం ఆరు తర్వాత అని రూల్ రాసుకుంటే సరి అని ఆమె. కేసు అత్తమ్మ దగ్గర ఉంది.